సెల్ఫ్ తిరుగుతున్నా కారు స్టార్ట్ కాకపోతే: కారణాన్ని మెట్టు మెట్టుగా పట్టుకునే విధానం

తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారు ఎప్పటిలాగే ఇంజనును తిప్పుతుంది, చప్పుడు కూడా మామూలుగానే ఉంటుంది, అయినా ఇంజను మాత్రం అందుకోదు. అప్పుడు చుట్టుపక్కల వారి నుంచి వచ్చే సలహాలు సాధారణంగా మూడే: బ్యాటరీ మార్చమంటారు, ప్లగ్గులు మార్చమంటారు, లేదా పెట్రోలు పంపు పోయిందంటారు. వీటిలో ఏదైనా నిజం కావచ్చు. కానీ పరీక్షించకుండా మార్చిన ప్రతి విడిభాగం డబ్బు ఖర్చు చేయించడమే కాకుండా, అసలు లోపం తాలూకు ఆనవాళ్లను కూడా కలగాపులగం చేస్తుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టు దగ్గర ఒకే ప్రశ్న వేసుకుని, దానికి అవుననో కాదనో తేలిన తరువాతనే ముందుకు వెళ్లే పద్ధతిని వివరిస్తున్నాను. మొదటి మెట్లకు ఖర్చేమీ లేదు, పనిముట్లూ అక్కరలేదు. చివరి మెట్లు మెకానిక్ చేతిలోనే జరగాలి.

ఇక్కడ ప్రధానంగా చెప్పేది మన రోడ్లమీద ఎక్కువగా తిరిగే, ఇంజక్టర్లు ఉన్న పెట్రోలు కార్ల గురించి. డీజిలు, సీఎన్‌జీ బండ్లలో తేడా ఉన్న చోట విడిగా చెబుతాను. సెల్ఫ్ మోటారు అసలు తిరగకపోవడం, టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఆగిపోవడం వేరే జబ్బులు. వాటి వెతుకులాట బ్యాటరీ, సెల్ఫ్ మోటారు దగ్గర మొదలవుతుంది కనుక వాటి జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

సెల్ఫ్ బాగా తిరుగుతున్నదంటే ఇంజను బిగుసుకుపోలేదని, బ్యాటరీలో ఎంతో కొంత శక్తి ఉందని తెలిసినట్టే. ఇక ఇంజను అందుకోవడానికి కావలసినవి తగినంత పెట్రోలు, గాలి, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ, సిలిండరులో ఒత్తిడి. ఇవన్నీ సరైన క్షణంలో కలవాలి. వీటిలో ఏది లోపించిందో తేల్చడమే మన పని.

ముందుగా కొన్ని జాగ్రత్తలు

కారును చదునైన చోట, గాలి ఆడే చోట ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టాలి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచాలి. సెల్ఫ్‌ను ఒకసారికి 10 సెకన్లకు మించి కొట్టవద్దు. మళ్లీ కొట్టే ముందు కనీసం అర నిమిషం ఆగాలి. వరుసగా కొడుతూ పోతే సెల్ఫ్ మోటారు వేడెక్కి కాలిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది, అప్పటివరకు ఒకటిగా ఉన్న సమస్య రెండవుతుంది. పైగా మండకుండా పోయిన పెట్రోలు సైలెన్సరు గొట్టంలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరులోకి చేరుతుంది. ఇంజను అందుకున్నాక అది అక్కడ మండితే కన్వర్టరు పాడవుతుంది, దాని ధర మనం వెతుకుతున్న లోపం ఖర్చును చాలాసార్లు మించిపోతుంది.

నలుగురిని పిలిచి తోయించడం వల్ల కూడా ఇక్కడ ప్రయోజనం ఉండదు. తోయడం ద్వారా జరిగేది ఇంజను తిరగడమే, ఆ పనిని సెల్ఫ్ ఇప్పటికే చేస్తున్నది. పిస్టన్లకు తగ్గట్టు వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు తెగి ఉంటే తోయడం వల్ల వాల్వులు మరింత దెబ్బతింటాయి.

కారు వరద నీటిలో మునిగి ఉంటే, లేదా లోతైన నీటిలో వెళుతూ ఆగిపోయి ఉంటే, ఈ కింది మెట్లలో ఏదీ చేయవద్దు. తాళం కూడా తిప్పవద్దు. గాలి గొట్టం ద్వారా సిలిండరులోకి నీరు చేరి ఉంటే, ఆ నీరు నొక్కుకుపోదు కనుక పిస్టను పైకి రాబోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచినట్టు ఎక్కడైనా నీళ్లు కార్లను ముంచినప్పుడు, బ్యాటరీ తీగ విప్పి, బండిని ఎత్తుకుపోయే వాహనంపై వర్క్‌షాపుకు పంపడం ఒక్కటే సరైన పని.

మొదటి మెట్టు: చప్పుడు వినండి, మీటరు బోర్డు చూడండి

బానెట్ ఎత్తక ముందు ఒక్క నిమిషం శ్రద్ధగా వినడం చాలా విలువైన పని. ఆరోగ్యంగా ఉన్న ఇంజనును సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు చప్పుడు ఒకే తీరుగా సాగదు. ప్రతి సిలిండరులో గాలి నొక్కుకుపోయే క్షణంలో కొద్దిగా బరువెక్కి, మళ్లీ తేలికవుతూ ఒక లయలో వస్తుంది. ఆ లయ పోయి, సెల్ఫ్ మామూలు కంటే వేగంగా, అడ్డు లేకుండా జర్రున తిరుగుతున్నట్టు వినిపిస్తే ఇంజనులో ఒత్తిడి లేదని అర్థం. టైమింగ్ బెల్టు తెగినప్పుడు వినిపించే చప్పుడు ఇదే. అలా వినిపిస్తే సెల్ఫ్ కొట్టడం వెంటనే ఆపి, ఒత్తిడి గురించి చెప్పిన ఏడో మెట్టుకు నేరుగా వెళ్లాలి. చప్పుడు నీరసంగా, ఈడ్చుకుంటూ ఉంటే బ్యాటరీ వైపు చూడాలి. ఇంజను ఒక క్షణం అందుకుని వెంటనే ఆగిపోతే ఇమ్మొబిలైజర్‌ను (సరైన తాళం కాకపోతే ఇంజనును ఆపే ఏర్పాటు), పెట్రోలు ఒత్తిడిని అనుమానించాలి.

ఇప్పుడు తాళాన్ని ఆన్ స్థానంలో ఉంచి, సెల్ఫ్ కొట్టకుండా మీటరు బోర్డు చూడండి. ఇంజను బొమ్మ ఉన్న చెక్ లైటు తప్పనిసరిగా వెలగాలి. చాలామంది ఆ లైటు వెలిగితేనే లోపమనుకుంటారు. కానీ ఇంజను ఆగి ఉండి తాళం ఆన్‌లో ఉన్నప్పుడు అది వెలగకపోవడమే లోపం. వెలగలేదంటే ఇంజను కంప్యూటరుకు కరెంటు అందడం లేదన్న అనుమానం బలపడుతుంది, అంటే మెయిన్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), దాని ఫ్యూజు, కంప్యూటరు ఎర్త్ తీగలు చూడాలి. కంప్యూటరు మేలుకోకపోతే పంపూ తిరగదు, ప్లగ్గులూ కొట్టవు కనుక, ఈ ఒక్క లైటును గమనించడం వల్ల ఎంతో వృథా శ్రమ తప్పుతుంది.

తాళం బొమ్మ లేదా కారు మీద తాళం వేసినట్టున్న బొమ్మ గబగబా మెరుస్తూ ఉంటే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తించలేదని అర్థం. తాళం పిడిలో ఉండే చిన్న చిప్‌ను కారు చదివి, సరిపోలితేనే ఇంజనుకు అనుమతి ఇస్తుంది. కొన్ని కార్లు సెల్ఫ్‌నే ఆపేస్తాయి. మరికొన్ని సెల్ఫ్‌ను తిరగనిచ్చి పెట్రోలును, నిప్పురవ్వను ఆపుతాయి. రెండో తాళంతో ప్రయత్నించండి. తాళాల గుత్తిలో మరో కారు తాళం ఉంటే దాన్ని విడదీయండి. పక్కన ఉన్న ఇంకొక చిప్ చదవడానికి అడ్డుపడవచ్చు. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో రిమోటు బ్యాటరీ బలహీనపడితే, చాలా మోడళ్లలో రిమోటును బటనుకు ఆనించి నొక్కితే గుర్తిస్తుంది. బయటి దుకాణంలో చేయించిన డూప్లికేట్ తాళం తలుపు తెరిచినా చిప్ లేకపోతే ఇంజనును స్టార్ట్ చేయలేదు.

పెట్రోలు ముల్లును పూర్తిగా నమ్మవద్దు. ట్యాంకులోని బెండు ఇరుక్కుపోతే ఖాళీ ట్యాంకు కూడా పావు వంతు చూపిస్తుంది. ఏటవాలుగా ఆపిన కారులో అడుగున ఉన్న కొద్ది పెట్రోలు పంపుకు అందని మూలకు చేరుతుంది. అనుమానం ఉంటే 5 లీటర్లు పోయించి చూడటం మిగతా అన్ని పరీక్షల కంటే చవక.

సీఎన్‌జీ కార్ల యజమానులు ఇక్కడ ప్రత్యేకంగా గమనించాలి. ఫ్యాక్టరీ నుంచే గ్యాసుతో వచ్చిన కార్లలో చాలావరకు ముందు పెట్రోలుతో స్టార్ట్ అయ్యి తరువాత గ్యాసుకు మారతాయి. గ్యాసు ఉంది కదా అని నెలల తరబడి పెట్రోలు ట్యాంకును ఎండగట్టి తిప్పితే, పెట్రోలులో మునిగి చల్లబడవలసిన పంపు పొడిగా తిరిగి చెడిపోతుంది. అందుకే ఇలాంటి కార్లలో గ్యాసు నిండుగా ఉన్నా స్టార్ట్ కాకపోవడం వింతేమీ కాదు.

రెండో మెట్టు: బ్యాటరీలో తగినంత శక్తి ఉందా?

సెల్ఫ్ తిరుగుతున్నది కదా అని బ్యాటరీని వెంటనే వదిలేయకూడదు, అలాగని వెంటనే మార్చనూకూడదు. మల్టీమీటరుతో కొలిస్తే తేలిపోతుంది. కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, 12.2 చూపిస్తే సగానికి దిగినట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కొలిచిన సంఖ్య ఇంకా ముఖ్యం: అది 10 వోల్టులకు పైన నిలబడాలి. 9.6 కంటే కిందికి జారితే, సెల్ఫ్ ఎలాగో తిరుగుతున్నా ఇంజను కంప్యూటరుకు, ప్లగ్గులకు అధిక వోల్టేజీ ఇచ్చే కాయిల్‌లకు, పంపుకు చాలినంత వోల్టేజీ మిగలదు. వేరే కారు నుంచి జంపర్ తీగలతో కరెంటు ఇచ్చినప్పుడు ఇంజను వెంటనే అందుకుంటే జవాబు దొరికినట్టే.

ఎర్త్ తీగలను మరవకూడదు. విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ పచ్చగా చిలుము పట్టి తినేసి ఉంటుంది. మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, మరో కొనను ఇంజను లోహం మీద ఆనించి సెల్ఫ్ కొట్టించినప్పుడు అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ మార్గంలో అడ్డు ఉంది. పట్టీని విప్పి, రుద్ది, గట్టిగా బిగించాలి.

మూడో మెట్టు: పెట్రోలు పంపు తిరుగుతున్నదా?

చుట్టూ నిశ్శబ్దంగా ఉండేలా చూసి, ఏసీ, రేడియో ఆపి, ఒకరిని వెనుక సీటు మీద చెవి పెట్టి వినమనండి. మీరు తాళాన్ని ఆన్‌కు తిప్పగానే సీటు కింద ట్యాంకులో నుంచి దాదాపు 2 సెకన్ల పాటు సన్నగా జుయ్‌మనే చప్పుడు వచ్చి ఆగిపోవాలి. గొట్టాల్లో ఒత్తిడి నింపడానికి కంప్యూటరు పంపును అంతసేపే తిప్పి ఆపుతుంది; సెల్ఫ్ కొట్టినప్పుడు మళ్లీ తిప్పుతుంది. చప్పుడు తెలియకపోతే తాళం ఆపి, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ ఆన్ చేసి చూడాలి.

చప్పుడు అసలు రాకపోతే పంపు పోయిందని తీర్మానించే ముందు దానికి కరెంటు వెళుతున్నదో లేదో చూడాలి. ఫ్యూజు పెట్టె మూత లోపలి వైపున ఏ ఫ్యూజు దేనిదో గీసి ఉంటుంది. ఫ్యూజును కంటితో చూసి బాగుందనుకోవద్దు; సన్నటి పగులు కంటికి కనబడదు. తాళం ఆన్ చేసిన క్షణంలో టెస్టు లైటుతో ఫ్యూజు రెండు చివర్లలోనూ చూడాలి. రిలేను పరీక్షించడం ఇంకా సులువు: అదే నంబరు ముద్రించి ఉన్న హారన్ రిలేను దాని స్థానంలో గుచ్చి చూస్తే సరిపోతుంది. ఫ్యూజు కాలి ఉంటే ఒక్కసారి కొత్తది అదే ఆంపియరుతో వేయవచ్చు. అది కూడా కాలితే తీగ ఎక్కడో ఒరుసుకుపోయింది, లేదా పంపు బిగుసుకుపోయింది. అంతకంటే పెద్ద ఫ్యూజు వేయడం, వెండి కాగితం చుట్టడం కారును తగలబెట్టుకునే పని.

కొన్ని మోడళ్లలో గట్టి కుదుపుకు పంపును ఆపేసే ఇనర్షియా స్విచ్ ఉంటుంది. పెద్ద గుంతలో పడ్డాకనో, వెనుక నుంచి ఎవరైనా గుద్దాకనో కారు ఆగిపోయి ఉంటే, యజమాని పుస్తకంలో దాని స్థానం చూసి, పెట్రోలు ఎక్కడా కారడం లేదని నిర్ధారించుకున్నాకనే బటన్ నొక్కాలి.

కరెంటు పంపు దాకా వస్తున్నా తిరగకపోతే, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి చూడవచ్చు. అరిగిన పంపు ఆ అదురుకు తిరగడం మొదలుపెట్టవచ్చు. అది మరమ్మతు కాదు, రుజువు మాత్రమే. ఇంటికి చేరాక పంపు మార్పించాలి.

నాలుగో మెట్టు: ఇంజను తిరుగుతున్నట్టు కంప్యూటరుకు తెలుస్తున్నదా?

నిప్పురవ్వా లేదు, పెట్రోలూ రావడం లేదు, ఫ్యూజులన్నీ బాగానే ఉన్నాయి అన్నప్పుడు నేను ముందుగా అనుమానించేది క్రాంక్ సెన్సరును. ఇంజను ఎంత వేగంతో తిరుగుతున్నదో, పిస్టన్లు ఎక్కడ ఉన్నాయో కంప్యూటరుకు చెప్పేది అదే. దాని సంకేతం రాకపోతే కంప్యూటరు దృష్టిలో ఇంజను ఆగి ఉన్నట్టే లెక్క. అందుకే అది ప్లగ్గులనూ ఇంజక్టర్లనూ నడపదు.

సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎమ్ ముల్లును చూడండి. చాలా కార్లలో అది కొద్దిగా లేచి 200 దగ్గర ఊగిసలాడుతుంది. సున్నా దగ్గర కదలకుండా ఉంటే సెన్సరు మీద అనుమానం పెరుగుతుంది, అయితే కొన్ని కార్లలో ముల్లు అంత తక్కువ వేగాన్ని చూపదు కనుక దాన్ని తుది తీర్పుగా తీసుకోవద్దు. నమ్మదగిన పరీక్ష స్కానరుతోనే జరుగుతుంది. స్టీరింగు కింద ఉండే 16 కాళ్ల సాకెట్‌లో చిన్న బ్లూటూత్ అడాప్టరు గుచ్చి ఫోనులో చూసినా సరే, సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఆర్‌పీఎమ్ సున్నానే ఉంటే సెన్సరో, దాని తీగో, దాని ఎదుట తిరిగే పళ్ల చక్రమో కారణం. పి0335 అనే కోడ్ క్రాంక్ సెన్సరు సర్క్యూటును, పి0340 క్యామ్ సెన్సరు (వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు స్థానాన్ని చెప్పేది) సర్క్యూటును సూచిస్తాయి. కోడ్ అనేది ఏ దారిలో వెతకాలో మాత్రమే చెబుతుంది. సెన్సరే చెడిందని కాదు, దాని తీగ తెగినా అదే కోడ్ వస్తుంది.

ఈ సెన్సరుకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. దూరం ప్రయాణించి, టీ తాగడానికి ఆపి, పావుగంట తరువాత తాళం తిప్పితే స్టార్ట్ కాదు. గంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఆపిన ఇంజను వేడి సెన్సరుకు ఎక్కి, లోపలి తీగచుట్టలోని సన్నటి పగులు విడిపోవడమే దీనికి కారణం. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీల ఎండలో ఈ జబ్బు మరింత తరచుగా బయటపడుతుంది. ఆ సమయంలో సెన్సరు మీద కొద్దిగా నీళ్లు చల్లి చల్లబరిచినప్పుడు ఇంజను అందుకుంటే లోపం తేలినట్టే. వర్క్‌షాపుకు చేరేసరికి బండి చల్లారి మామూలుగా పనిచేస్తుంది కనుక, వేడిలో ఆగుతుందన్న విషయం మెకానిక్‌కు తప్పకుండా చెప్పాలి.

స్కానరు చేతిలో ఉన్నప్పుడే కూలెంట్ ఉష్ణోగ్రత కూడా చూడండి. తెలంగాణ ఎండలో నిలబడ్డ కారు మైనస్ 40 డిగ్రీలు చూపిస్తే ఆ సెన్సరు తీగ తెగిందని అర్థం. కంప్యూటరు గడ్డకట్టే చలి అనుకుని అవసరానికి మించి పెట్రోలు పోస్తుంది, ప్లగ్గులు తడిసిపోతాయి.

ఇక్కడే తీగలను కూడా కంటితో వెతకాలి. వానాకాలంలో పొలాల పక్కన, అపార్ట్‌మెంటు సెల్లారులో ఆపిన కార్లలోకి ఎలుకలు చేరడం మన దగ్గర నిత్యం చూసేదే. బ్యాటరీ పళ్లెం మీద పెంటికలు, ఎయిర్ ఫిల్టరు పెట్టెలో కొరికిన గుడ్డపీలికలు కనిపిస్తే, ఇంజక్టర్లకు వెళ్లే తీగల కట్టను టార్చి వెలుగులో అంగుళం అంగుళం చూడండి. పైతొడుగు మీద చిన్న పంటిగాట్లు, లోపల మెరిసే రాగి కనిపిస్తాయి. ఒక్కోసారి రాగి కూడా తెగి, తొడుగు మాత్రం అంటుకుని ఉంటుంది. అలాంటి చోట తీగను కొద్దిగా లాగితే సాగుతుంది. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయకుండా సోల్డరింగ్ చేయించి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగించాలి.

ఐదో మెట్టు: ప్లగ్గును విప్పి చూడడం

ఇంజను చల్లారాక కాయిల్ తీసి, గుంతలోని దుమ్మును ఊది, ప్లగ్గు పానాతో ఒక ప్లగ్గును విప్పండి. దాని కొన చెప్పేదాన్ని తొందరపడకుండా చదవాలి. చాలాసేపు సెల్ఫ్ కొట్టిన తరువాత కూడా కొన పొడిగా, లేత గోధుమ రంగులో ఉండి పెట్రోలు వాసన రాకపోతే సిలిండరులోకి పెట్రోలు చేరడం లేదు. కొన మెరుస్తూ తడిగా ఉండి, వేలికి అంటిన తడి ఘాటైన వాసనతో వెంటనే ఆరిపోతే అది పెట్రోలు. అంటే పెట్రోలు వస్తున్నది, మండడం లేదు. ఆ తడి జిడ్డుగా ఉండి ఆరకపోతే అది ఇంజను ఆయిలు. తెల్లటి పింగాణీ మీద పై నుంచి కిందికి సన్నటి నల్లగీత ఉంటే పింగాణీ పగిలి, కరెంటు ఆ దారిన జారిపోతున్నదని గుర్తించాలి. కొనలోని సందు ఎక్కువ పెట్రోలు కార్లలో 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది; మీ కారుకు ఎంతో పుస్తకంలో చూసి కొలవాలి.

తడి ప్లగ్గు కనిపించగానే నిప్పురవ్వ లేదని అనుకోనవసరం లేదు. చల్లటి ఇంజనును స్టార్ట్ చేసి, కారును గేటు లోపలికి నాలుగడుగులు జరిపి వెంటనే ఆపేసినప్పుడు, తరువాత స్టార్ట్ చేయబోతే సిలిండర్లలో పెట్రోలు నిండిపోయి అందుకోకపోవచ్చు. ఇంజక్టర్లు ఉన్న చాలా కార్లలో దీనికి మార్గం ఉంది: యాక్సిలరేటరును అడుగంటా నొక్కి పట్టుకుని 5 నుంచి 10 సెకన్లు సెల్ఫ్ కొడితే కంప్యూటరు ఇంజక్టర్లను ఆపి గాలిని మాత్రమే పంపుతుంది, లోపలి పెట్రోలు ఆరి ఇంజను అందుకుంటుంది. అందుకోగానే కాలు తీసేయాలి.

నిప్పురవ్వను చూడడానికి 200, 300 రూపాయల్లో దొరికే స్పార్క్ టెస్టరు వాడడమే సరైనది. కాయిల్ ఇచ్చే వోల్టేజీ 20 వేల వోల్టులకు పైన ఉంటుంది; చేత్తో పట్టుకుని చూపించే పాత పద్ధతి ప్రమాదకరం, పైగా ఎర్త్ లేకుండా వదిలేస్తే కాయిల్ లోపలే కాలిపోతుంది. పరీక్షకు ముందు పంపు ఫ్యూజు తీసేయాలి. తెరిచి ఉన్న ప్లగ్గు గుంతలోంచి పెట్రోలు ఆవిరి చిమ్మే చోట నిప్పు పుట్టించకూడదు. టెస్టరులో నీలి రవ్వ టక్ టక్‌మని స్థిరంగా వస్తే నిప్పురవ్వ వైపు దాదాపు బాగున్నట్టే. ఒక్కో సిలిండరుకు విడి కాయిల్ ఉన్న కార్లలో ఒకటి పోతే ఇంజను కుంటుతుంది కానీ స్టార్ట్ అవుతుంది. అన్నిటిలోనూ రవ్వ లేకపోతే లోపం కాయిల్‌లలో కాదు, వాటన్నిటికీ ఉమ్మడిగా వచ్చే కరెంటులోనో, క్రాంక్ సెన్సరులోనో ఉంది. నాలుగు కాయిల్‌లు ఒకేసారి చెడిపోయాయని ఎవరైనా చెబితే ఆ మాటను అంగీకరించవద్దు.

ఆరో మెట్టు: నిప్పురవ్వ ఉంది, పెట్రోలు సంగతి ఏమిటి?

పంపు చప్పుడు వచ్చినంత మాత్రాన ఒత్తిడి చాలినంత ఉందని కాదు. అరిగిన పంపు, పూడుకుపోయిన ఫిల్టరు, ట్యాంకు లోపల ఊడిన చిన్న గొట్టం ఒత్తిడిని తగ్గిస్తాయి. మామూలు ఇంజక్టర్ల పెట్రోలు కార్లలో గేజీ 3 నుంచి 4 బార్ల మధ్య చూపాలి. గేజీ బిగించే ముందు పంపు ఫ్యూజు తీసి సెల్ఫ్ కొట్టి గొట్టంలోని ఒత్తిడిని దించాలి. పెట్రోలును సిలిండరులోకే నేరుగా చిమ్మే ఇంజన్లలో ఇంజను వైపు ఒత్తిడి పదుల నుంచి వందల బార్లలో ఉంటుంది. ఆ గొట్టాలను ఇంట్లో విప్పకూడదు.

గేజీ లేనప్పుడు మెకానిక్‌లు చేసే ఒక పరీక్ష ఉంది. ఎయిర్ ఫిల్టరు తరువాతి గొట్టంలోకి కార్బ్ క్లీనర్ స్ప్రేను ఒక్క క్షణం కొట్టి, గొట్టం తిరిగి బిగించి, అందరూ దూరంగా జరిగాక సెల్ఫ్ కొడతారు. ఇంజను 2 సెకన్లు అందుకుని ఆగితే నిప్పురవ్వ, సిలిండరు ఒత్తిడి రెండూ బాగున్నాయి, లేనిది పెట్రోలే. దీన్ని డీజిలు ఇంజనులో ఎన్నడూ చేయకూడదు. సిలిండరును ముందుగా వేడెక్కించే గ్లో ప్లగ్గుల వేడికి అది మండి పేలే ప్రమాదం ఉంది.

పెట్రోలు ఒత్తిడి ఉన్నా ఇంజక్టర్లకు కంప్యూటరు సంకేతం వస్తున్నదా అని ఆటో ఎలక్ట్రీషియన్ చిన్న లైటుతో చూస్తారు. సెల్ఫ్ కొడుతుండగా అది మిణుకుమిణుకుమంటే సంకేతం ఉంది. అసలు వెలగకపోతే కరెంటు గానీ సంకేతం గానీ రావడం లేదు. ఆరకుండా వెలుగుతూ ఉంటే తీగ ఎర్త్‌కు తగులుతున్నది.

బంకులో నింపించుకున్న కొద్ది దూరానికే కారు ఆగిపోతే పెట్రోలునే పరీక్షించండి. ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో ఇథనాల్ కలిసి ఉంటుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది; నీరు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే కనుక కొద్దిపాటి నీరు కూడా ఇంజనును ఆపుతుంది. గాజు సీసాలో అరలీటరు నమూనా తీయించి పావుగంట కదలకుండా ఉంచితే అడుగున విడి పొర కనిపిస్తుంది. అలా కనిపిస్తే ట్యాంకు మొత్తం దింపించాలి, కొత్త పెట్రోలు కలిపి సరిపెట్టకూడదు. ఆ సీసాను, బంకు రసీదును జాగ్రత్త చేసుకోండి.

పెట్రోలు కారులో డీజిలు గానీ, డీజిలు కారులో పెట్రోలు గానీ పోశారని బంకులోనే తెలిస్తే తాళం ఆన్ కూడా చేయవద్దు. ఆన్ చేసిన క్షణం నుంచి పంపు దాన్ని గొట్టాల్లోకి పంపడం మొదలుపెడుతుంది.

ఏడో మెట్టు: సిలిండరు ఒత్తిడి, టైమింగు

నిప్పురవ్వ, పెట్రోలు రెండూ ఉండి ఇంజను అందుకోకపోతే మిగిలేది ఇదే. ఆయిలు పోసే మూత తీసి, టార్చితో లోపలికి చూస్తూ సెల్ఫ్‌ను ఒక్క సెకను మాత్రమే కొట్టించండి. చాలా ఇంజన్లలో క్యామ్ షాఫ్టు గానీ చెయిన్ గానీ కనిపిస్తుంది. అది కదలకపోతే బెల్టు లేదా చెయిన్ తెగింది. ఇక సెల్ఫ్ కొట్టకూడదు. మారుతి ఆల్టో 800, డస్టర్ 1.5 డీజిలు వంటివి బెల్టు ఇంజన్లు, స్విఫ్ట్ 1.3 డీజిలులో చెయిన్ ఉంటుంది. చెయిన్ సులువుగా తెగదు కానీ సాగి పళ్లు దాటవచ్చు. బెల్టు మార్చిన కొద్ది రోజులకే ఈ సమస్య వస్తే టైమింగ్ గుర్తులు సరిగా కలపలేదేమో ముందుగా చూడాలి. కంప్రెషన్ గేజీతో చూసినప్పుడు ఆరోగ్యమైన పెట్రోలు ఇంజను సిలిండర్లు సుమారు 10 నుంచి 14 బార్లు ఇస్తాయి, ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి.

గాలి అందకపోవడం అరుదు. ఎయిర్ ఫిల్టరు పెట్టెలో ఎలుక గూడు, సైలెన్సరు గొట్టంలో మట్టి ఉందేమో చూస్తే చాలు. కేబులు యాక్సిలరేటరు ఉన్న పాత కార్లలో పెడల్ కొద్దిగా నొక్కితేనే అందుకుంటుంటే గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీలో పేరుకున్న కార్బన్‌ను శుభ్రం చేయించాలి.

డీజిలు బండ్లలో తేడాలు

డీజిలుకు ప్లగ్గు రవ్వ అవసరం లేదు, గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికే మండుతుంది. కనుక ఇక్కడ వెతుకులాట చాలావరకు డీజిలు మార్గంలోనే. ట్యాంకు పూర్తిగా ఎండిపోయి ఆగితే, డీజిలు పోసినా గొట్టాల్లో గాలి పట్టి స్టార్ట్ కాదు. ఫిల్టరు దగ్గరి చేతిపంపును గట్టిపడే వరకు నొక్కి గాలి తీయాలి. ఫిల్టరులో నీరు చేరిందని సూచించే లైటు వెలిగితే అడుగున ఉన్న మరను వదులు చేసి నీరు దింపాలి. కామన్ రైల్ ఇంజన్లు (ఇంజక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం, అంటే రైలు, నుంచి డీజిలు అందేవి) స్టార్ట్ కావడానికి రైలులో సుమారు 200 నుంచి 300 బార్ల ఒత్తిడి రావాలి. స్కానరులో ఆ సంఖ్య పెరగకపోతే ఫిల్టరు, పంపు, లోపల కారుతున్న ఇంజక్టరు వరుసగా చూడాలి. ఎంత కారుతున్నదో చూద్దామని రైలు గొట్టాన్ని వదులు చేయడం, చేయి అడ్డం పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. ఆ ఒత్తిడితో చిమ్మిన సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, చేయి పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

మైదాన ప్రాంతాల్లో గ్లో ప్లగ్గులు పనిచేయకపోయినా కామన్ రైల్ బండి చాలావరకు అందుకుంటుంది. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున మాత్రం అవి లేని లోటు తెలుస్తుంది. తాళం ఆన్ చేసి, స్ప్రింగు ఆకారంలో ఉన్న లైటు ఆరాకనే సెల్ఫ్ కొట్టాలి.

వర్క్‌షాపుకు పంపేటప్పుడు

ఇంతవరకు తేలినవన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ ఎన్ని వోల్టులు, చెక్ లైటు వెలిగిందా, పంపు చప్పుడు వచ్చిందా, స్కానరులో ఆర్‌పీఎమ్, కోడ్‌లు ఏమిటి, వేడిలో ఆగిందా చల్లగా ఉన్నప్పుడా, చివరిసారి ఎక్కడ పెట్రోలు పోయించారు, ఇటీవల ఏ పని చేయించారు. కోడ్‌లను రాసుకోకముందే చెరిపివేయవద్దు, బ్యాటరీ విప్పినా అవి చెరిగిపోవచ్చు. ఆటోమేటిక్ కారును ముందు చక్రాలు నేలమీద దొర్లేలా లాగించవద్దు, పూర్తిగా ఎక్కించుకుపోయే వాహనాన్నే పిలిపించండి. విడిభాగం మార్చాలని చెప్పినప్పుడు ఏ పరీక్షలో ఏ సంఖ్య వచ్చిందో అడగండి. పంపు అంటే గేజీలో ఎన్ని బార్లు వచ్చిందో, సెన్సరు అంటే సెల్ఫ్ కొట్టినప్పుడు సంకేతం రాలేదని ఎలా చూశారో చెప్పగలగాలి. మార్చిన తరువాత అదే పరీక్షను మళ్లీ చేయించి, కొత్త సంఖ్యను బిల్లు మీద రాయించుకుని, పాత భాగాన్ని తీసుకోండి.